పిల్లిని నిమిరే ముందు చెయ్యి ఆపుకోవాలి

మా ఇంట్లో పిల్లల పెంపకం రెండు పద్ధతుల్లో నడుస్తుంది. అమ్మమ్మ, తాతయ్య వచ్చారంటే ప్రేమ అంటే దగ్గరికి లాక్కోవడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, వద్దంటున్నా ఇంకో ముద్దు పెట్టడం. బడిలోనేమో పక్కవాళ్లను ముట్టుకోవాలంటే ముందు అడగాలి అని నేర్పుతారు. రెండిట్లో ఏదీ తప్పని నేను అనుకోను, కానీ పిల్లల మనసులో ఇవి రెండూ ఎలా సర్దుకుంటాయా అని చాలాకాలం టెన్షన్ పడ్డాను. మా ఇంటికి పిల్లి వచ్చాక ఆ విషయం మాట్లాడటం తేలికైంది. దానికి ప్రేమ కావాలి, కానీ తనకు నచ్చినప్పుడు, నచ్చినంత వరకే. ఆ సంగతి పిల్లలకు ఉపన్యాసం చెప్పక్కర్లేకుండా అదే చూపిస్తుంది.

ముందుగా నేర్పాల్సింది, మనం పిల్లి దగ్గరికి వెళ్లకూడదు, దాన్నే మన దగ్గరికి రానివ్వాలి. జ్యూరిచ్‌లో డెనిస్ టర్నర్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి పిల్లుల్ని, వాటి మనుషుల్ని గమనించి చెప్పిన విషయం ఇదే: పిల్లి తనంతట తాను వచ్చి మొదలుపెట్టినప్పుడు ఇద్దరూ ఎక్కువసేపు కలిసి ఉంటారు, మనిషి వెంటపడినప్పుడు అది తొందరగా తెగిపోతుంది. అందుకే మా పాపకి చెప్పాను, నేల మీద కూర్చో, కొంచెం పక్కకి తిరిగి కూర్చో, దాని కళ్లలోకి గుచ్చి చూడకు, వేళ్లు వదులుగా ముడిచి చెయ్యి దాని ముక్కు ఎత్తులో, కాస్త దూరంలోనే పెట్టి ఊరుకో. పిల్లి వచ్చి వేలు వాసన చూసి, చెంప తెచ్చి రుద్దితే సరే అన్నట్టు. వాసన చూసి మొహం తిప్పుకుంటే అది కూడా జవాబే, చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పైనుంచి తల మీదకి చెయ్యి దించడం మాత్రం వద్దు, అంత చిన్న జంతువుకి మన అరచెయ్యి మీద పడుతున్నట్టే ఉంటుంది.

కళ్లు నెమ్మదిగా సగం మూసి మళ్లీ తెరవడం కూడా నేర్పాను. 2020లో సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించి చూశారు. మనిషి అలా నిదానంగా కళ్లార్పినప్పుడు పిల్లులు తిరిగి కళ్లార్పడం, అప్పుడే చూసిన మనిషైనా సరే చాచిన చేతి దగ్గరికి రావడం ఎక్కువగా కనిపించింది. ఉరుకులు పరుగుల పిల్లలకి ఇది మంచి ఆట, ఎందుకంటే ఇందులో గెలవాలంటే కదలకుండా ఉండాలి.

ఇక ఎక్కడ నిమరాలి. చెంపలు, గడ్డం కింద, కంటికీ చెవికీ మధ్య ఉండే కణత. ఆ చోట్ల చర్మంలో వాసన గ్రంథులు ఉంటాయి, పిల్లి గోడకీ కుర్చీకీ మన కాళ్లకీ మొహం రుద్దేది ఆ వాసన అంటించడానికే, కాబట్టి అక్కడ నిమిరితే దానికి అలవాటైన పనిలాగే ఉంటుంది. మా పాప రెండు వేళ్లు మాత్రమే వాడుతుంది. మీసాల వెనక మొదలుపెట్టి చెవి మొదలు దాకా, వెంట్రుకలు వాలిన వైపే, చాలా తేలిగ్గా. పిల్లికి నచ్చితే అదే తల వంచి ఆ వేళ్లకి గట్టిగా ఆనించుకుంటుంది, ఎంత ఒత్తిడి కావాలో అలా అదే చెబుతుంది.

తోక మొదలు దగ్గర గోకితే పిల్లులకి ఇష్టమని చాలామంది అంటారు. కొన్నిటికి నిజమే, కానీ లింకన్ యూనివర్సిటీ 2015లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లులు ఎక్కువ చిరాకుపడింది అక్కడ ముట్టుకున్నప్పుడే. పొట్ట సంగతి పిల్లలకి విడిగా చెప్పాలి. పిల్లి వెల్లకిలా దొర్లి పొట్ట చూపించిందంటే నీ దగ్గర భయం లేదు అని అర్థం, ముట్టుకోమని కాదు. అక్కడ చెయ్యి పెడితే ముందు కాళ్లతో పట్టేసి వెనక కాళ్లతో తన్నేస్తుంది, పిల్లలకేమో ఇది నన్ను మోసం చేసిందనిపిస్తుంది. పాదాలు, తోక జోలికి కూడా పోకపోవడమే మేలు.

అన్నిటికంటే కష్టమైనది ఆపడం. నిమరడం ఎవరైనా నేర్చుకుంటారు, హాయిగా ఉన్నప్పుడు చెయ్యి తీయడం పెద్దవాళ్లకే రాదు. మా ఇంట్లో రెండు మూడు సార్లు నిమిరాక చెయ్యి ఎత్తేస్తాం. ఇంకా కావాలంటే తలతో చేతిని పొడుస్తుంది, అక్కర్లేకపోతే కూర్చుని ఒళ్లు నాక్కుంటుంది. ఈ మధ్య ఒక సాయంత్రం పాప పక్కన కూర్చుని చూశాను. పిల్లి కదల్లేదు, గుర్రుగుర్రుమంటూనే ఉంది, కానీ తోక కొస ఒకసారి నేలకి కొట్టింది, వీపు మీద చర్మం నీటి మీద అల లాగా వణికింది, ఒక చెవి పక్కకి తిరిగింది. పాప వేళ్లు గాల్లోనే ఆగిపోయాయి, నేను నోరు తెరవక ముందే. గుర్రుమంటోంది కదా అని నమ్మేయకూడదు, నొప్పితో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది. చెవులు వెనక్కి వాలడం, తోక విసరడం, ఉన్నట్టుండి తల చేతి వైపు తిప్పడం, ఇవి కనిపించాక కూడా నిమిరితే రక్కడం దాని తప్పు కాదు. ఎప్పుడూ ఒళ్లోకి వచ్చే పిల్లి హఠాత్తుగా ముట్టుకోనివ్వడం మానేస్తే ఎక్కడో నొప్పి ఉందేమో అని వెట్ డాక్టర్‌కి చూపించాలి.

మాకు తెలుసులే అనేవాళ్లకి ఒక మాట. 2022లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, పిల్లుల గురించి బాగా తెలుసని చెప్పుకున్నవాళ్లే వాటికి నచ్చని చోట్ల ఎక్కువగా ముట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనంలో, పిల్లికి ఎంపిక వదిలెయ్యండి, దాని తీరు గమనించండి, ముట్టుకునే చోటు చూసుకోండి అని కొద్ది నిమిషాలు చెప్పి పంపినంత మాత్రానే పిల్లులు మరింత స్నేహంగా మెలిగాయి.

మా అమ్మ వచ్చినప్పుడు పిల్లి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లింది. ఆవిడ దాన్ని పిలవలేదు, చూడలేదు, ఒక మూల ప్రశాంతంగా కూర్చుంది, పిల్లికి కావాల్సింది అదే కదా. ఒళ్లోకి ఎక్కగానే మాత్రం రెండు చేతులా వాటేసుకోబోయింది. "అమ్మమ్మా, పట్టుకోకు, దాన్ని అలాగే ఉండనీ, చెంప మీద మాత్రం నిమురు" అంది పాప. తెలుగులోనే, గుక్కతిప్పుకోకుండా. పిల్లి విషయాలన్నీ మొదటినుంచీ తెలుగులోనే చెబుతూ వచ్చినందుకు ఆ క్షణం నాకు చాలా సంతోషమైంది. రాత్రి అమ్మతో, పిల్లల్ని దగ్గరికి తీసుకునేటప్పుడు కూడా కాస్త ఇలాగే ఆగి చూడొచ్చు కదమ్మా అన్నాను. "పిల్లీ, మనవరాలూ ఒకటేనా?" అంది, కాస్త నొచ్చుకుంది కూడా. ఒకటి కాదు, ఆవిడ చెప్పిందీ నిజమే. ఏడాదిలో కొన్ని రోజులే దొరికే అమ్మమ్మ ప్రేమని పాప కొలతలు వేసి తీసుకోవాలని నాకూ లేదు. చివరికి అమ్మ చేతులు చాపి పిలుస్తుంది, పాప వెళ్తుంది, ఎప్పుడైనా వెళ్లకపోతే ఎవరూ బలవంతం చెయ్యరు అన్నదగ్గర కుదిరింది.

మా చిన్నోడికి ఇంకా చూసి ఆగే వయసు రాలేదు. వాడి మణికట్టు నేను పట్టుకుని, వేళ్లతో పిడికిలి బిగించకుండా చెయ్యి చాపి ఉంచి నిమిరిస్తాను, పిల్లినీ వాణ్నీ ఒంటరిగా వదలను, ఎత్తుకోవడం అసలే లేదు. పిల్లికి వాడి చెయ్యి అందని ఎత్తైన చోటు ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాం. ఇది నన్నెందుకు ఇష్టపడట్లేదు అని పాప స్నేహితులు కొందరు చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకి చెబుతాను, పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపు మనుషుల చేతులు అలవాటు కాని పిల్లులకి జీవితమంతా కొంత బెరుకు ఉండొచ్చు, అది నీ మీద కోపం కాదని.

ఇంట్లో పిల్లితో పెరిగిన పిల్లలు సెలవులకి వెళ్లిన చోట వీధి పిల్లిని చూసినా అదే చనువుతో పరిగెడతారు. అక్కడ నియమం వేరు, దూరం నుంచి కళ్లార్పడమే, చెయ్యి చాపడం లేదు. రేబిస్ ఉన్న చోట పిల్లి కరిచినా, రక్కినా వెంటనే సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, గాయం చిన్నదే కదా అనుకోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తిడతానేమో అని పిల్లలు రక్కిన గీతని చొక్కా చేతుల్లో దాచేస్తారు కాబట్టి, ఎప్పుడు చెప్పినా తిట్టనని మా వాళ్లకి ప్రయాణానికి ముందే చెప్పి ఉంచుతాను.