మీటరు ఒకటి, కాపురాలు రెండు

వృద్ధాప్య పింఛనుకు వయసుంటే చాలు అనుకుంటాం. మా పిన్ని వయసు గురించి ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానమంతా కరెంటు బిల్లు మీదే.

ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లు నిండడం తొలి మెట్టు మాత్రమే. కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10 వేలు, పట్టణంలో 12 వేలు దాటకూడదు. భూమికి పరిమితి ఉంది. కారు ఉండకూడదు (ఆటో, ట్రాక్టరు, టాక్సీ ఉంటే తప్పులేదు). ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించకూడదు. పిన్ని దరఖాస్తు ఆగింది ఇక్కడే. కింద ఆమె, పైన కొడుకు కుటుంబం. బియ్యం కార్డులు వేరు, పొయ్యిలు వేరు. మీటరు మాత్రం ఒక్కటే, అదీ పిన్ని పేరునే. పై వాటాలో ఏసీ తిరిగితే కింద ఒక్క ఫ్యాను కింద కూర్చున్న మనిషి సంపన్నురాలైపోయింది!

అనర్హులను ఏరివేయాల్సిందే, కాదనను. కానీ ఒంటరి వృద్ధురాలి పేదరికాన్ని మీటరు రీడింగుతో కొలవడం నాకు మింగుడు పడటం లేదు. 2024లో 4 వేలకు పెరిగిన పింఛను వస్తే ఆమెకు అది మందులు, పాలు, కొడుకును చేయి చాచి అడగనక్కరలేని ధైర్యం.

కొడుకు పై వాటాకు వేరే మీటరు పెట్టించాడు. యూనిట్లు తగ్గాక మళ్లీ దరఖాస్తు చేయాలి. ఈలోగా పిన్ని వీధిలో ప్రతి ముసలమ్మనూ ఆపి, "మీ మీటరు ఎవరి పేరున ఉందమ్మా?" అని ఆరా తీస్తోంది.