టెట్ పుస్తకంలో పియాజే, అంగన్‌వాడీలో పసిబిడ్డ

ఉపాధ్యాయ అర్హత పరీక్ష అయిన టెట్ మొదటి పేపర్‌లోని 150 మార్కుల్లో 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీ విభాగానివి. ఆ మార్కుల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల మంది యువతీయువకులు పిల్లల ఎదుగుదల గురించి మనస్తత్వవేత్తలు చెప్పిన సంగతులను, అంటే పియాజే నాలుగు దశలను, ఎరిక్‌సన్ ఎనిమిది దశలను, వైగాట్‌స్కీ సామీప్య వికాస మండలాన్ని (బిడ్డ ఒంటరిగా చేయలేక, ఇతరుల సాయంతో చేయగల పనుల పరిధిని) వయసులతో సహా కంఠతా పడతారు. బొమ్మకు దెబ్బ తగిలిందని ఏడ్చే పాప ఏ దశలో ఉందని నిద్రలో లేపి అడిగినా పూర్వ ప్రచాలక దశ అని, ప్రాణం లేనివాటికీ ప్రాణం ఉందనుకునే ఆ లక్షణం పేరు సర్వాత్మవాదం అని తడుముకోకుండా చెప్పగలరు. నేను కొన్నేళ్లుగా బోధిస్తున్నది ఈ విభాగాన్నే కాబట్టి ఆ శ్రమ ఎంతటిదో నాకు తెలుసు, దాని మీద నాకు గౌరవం ఉంది. అయితే ఈ సిద్ధాంతాల్లో అతి విలువైన భాగం పుట్టిన నాటి నుంచి ఆరేళ్ల వరకు ఉన్న బిడ్డల గురించినది. ఆ బిడ్డలు ఉండేది అంగన్‌వాడీల్లో, డేకేర్‌లలో, ప్రైవేటు బడుల నర్సరీ, ఎల్‌కేజీ గదుల్లో. అక్కడ పనిచేసే వారిలో అత్యధికులు టెట్ రాసినవారు కారు, వారిని ఆ పరీక్ష ఎవరూ అడగరు కూడా. సిద్ధాంతం చదివినవారు ఒక చోట, దాని అవసరం ఉన్న బిడ్డలు మరో చోట ఉండిపోవడం వల్ల జరుగుతున్న నష్టం ఎలాంటిదో, సిద్ధాంతం నిజంగా గదిలోకి అడుగుపెట్టిన చోట పెద్దవాళ్ల ప్రవర్తనలో ఏం మారిందో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నాలుగైదేళ్ల పిల్లలు పని చేసుకుంటూ తమలో తాము మాట్లాడుకోవడం అందరూ చూసే ఉంటారు. “ఇది ఇక్కడ పెట్టాలి, అయ్యో పడిపోయింది, పెద్దది కింద పెట్టాలి” అని గొణుక్కుంటూ చెక్క దిమ్మెలు పేరుస్తారు. 1920ల ఆరంభంలో పియాజే జెనీవాలోని రూసో సంస్థకు చెందిన శిశు పాఠశాలలో కూర్చుని పిల్లల మాటలను ఉన్నవున్నట్టు రాయించి, వాటిలో చాలా భాగం ఎదుటివారిని ఉద్దేశించినవి కావని గమనించారు. దాన్ని ఆయన అహం కేంద్రీకృత భాషణం అన్నారు. బిడ్డ ఎదిగి ఇతరుల దృష్టితో ఆలోచించడం నేర్చిన కొద్దీ అది కనుమరుగవుతుందని ఆయన అభిప్రాయం. వైగాట్‌స్కీ ఇదే విషయాన్ని వేరుగా చూశారు. పిల్లలు బొమ్మ గీస్తుండగా కావలసిన పెన్సిలు గానీ కాగితం గానీ అందకుండా చేస్తే, వాళ్ల స్వగతం దాదాపు రెట్టింపు కావడాన్ని ఆయన గుర్తించారు. ట్రామ్ బండి గీస్తున్న ఐదున్నరేళ్ల బాలుడి పెన్సిలు చక్రం దగ్గర విరిగితే, వాడు “విరిగింది” అని తనలో తాను అనుకుని, రంగుల కుంచె తీసుకుని ప్రమాదంలో విరిగిన ట్రామ్ బండిని గీశాడట. అంటే ఆ మాట వాడి పనిని కొత్త దారికి మళ్లించింది. చిక్కు వచ్చినప్పుడు పిల్లలు తమకు తాము చెప్పుకునే మాట ఆలోచనకు పనిముట్టు అని, పెద్దయ్యాక అది మాయం కాక లోపలికి వెళ్లి మౌనంగా సాగే ఆలోచనగా మారుతుందని వైగాట్‌స్కీ వాదించారు. ఆయన 1934లో క్షయతో 37 ఏళ్లకే మరణించారు. ఆ తర్వాత సోవియట్ ప్రభుత్వమే ఆయన రచనలను ఏళ్ల తరబడి తొక్కిపెట్టింది.

ఈ రెండు వాదాల మధ్య తేడా మీద టెట్‌లో బిట్ వస్తుంది. మరి మన ఎల్‌కేజీ గదిలో రోజుకు ఎన్నోసార్లు వినిపించే ఆజ్ఞ “ఫింగర్ ఆన్ యువర్ లిప్స్”. ముప్పై మంది పిల్లలు చేతులు కట్టుకుని, వేలు పెదవుల మీద పెట్టుకుని కూర్చుంటే ఆ గది క్రమశిక్షణ గల గది అని యాజమాన్యం, తల్లిదండ్రులు కూడా సంతోషిస్తారు. వైగాట్‌స్కీ చెప్పినది సరైనదైతే, బిడ్డకు కొత్త పని అప్పగించి, ఆ పని చేయడానికి కావలసిన పనిముట్టును అదే క్షణంలో లాగేసుకుంటున్నాం. ఒకరి మాట మరొకరికి వినపడని గోల ఏ టీచరుకైనా కష్టమే, కాదనను. కానీ గోల వేరు, పనిలో పుట్టే గొణుగుడు వేరు. ఆ తేడా పోల్చుకోగల చెవి ఉండటమే ఇక్కడ సిద్ధాంతం వల్ల టీచరుకు కలిగే ప్రయోజనం.

పియాజే పరీక్షల్లో ఎక్కువ మందికి తెలిసినది పదిలపరచుకునే భావనకు, అంటే అమరిక మారినా సంఖ్య గానీ పరిమాణం గానీ మారదన్న ఎరుకకు సంబంధించినది. దీన్ని మా ఛాత్రోపాధ్యాయులతో (ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థులతో) దగ్గరలోని అంగన్‌వాడీలో చింతపిక్కలతో చేయిస్తుంటాను. ఆరు పిక్కలు ఒక వరుసలో, వాటికి ఎదురుగా మరో ఆరు పెట్టి, రెండూ సమానమేనా అని అడిగితే నాలుగేళ్ల పాప సమానమే అంటుంది. ఒక వరుసను కాస్త ఎడంగా జరిపి మళ్లీ అదే ప్రశ్న వేస్తే, పొడుగ్గా కనిపించే వరుసను చూపించి “ఇక్కడ ఎక్కువున్నాయి” అంటుంది. పుస్తకంలో చదివినది కళ్లముందు జరిగినందుకు మా వాళ్లు సంబరపడతారు. అసలు పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది. 1970లలో ఎడిన్‌బరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగల్ ఇదే పరీక్షను చిన్న మార్పుతో చేశారు. వరుసను పెద్దవారు కాకుండా, ఆటను పాడుచేసే అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొడుతుంది. అలా చేసినప్పుడు అదే వయసు పిల్లల్లో సరిగ్గా జవాబు చెప్పినవారి సంఖ్య ఎంతో పెరిగింది. మేము ఎలుగుబంటికి బదులు మట్టి మేకపిల్లను వాడతాం. మేకపిల్ల వచ్చి పిక్కలను చిమ్మిన తర్వాత ఒక పాప దాన్ని పక్కకు తోసి, “మేక తినలేదు, అన్నీ ఉన్నాయి” అని నాకే ధైర్యం చెప్పింది.

పెద్దవారు తామే వరుసను జరిపి, తామే అదే ప్రశ్నను రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పయి ఉంటుందని, ఏదో మారిందని చెప్పాలేమోనని బిడ్డ అనుకోవడం సహజం. ఇది ప్రయోగశాలకే పరిమితమైన సంగతి కాదు. “ఇదేం రంగు?” అని టీచరు అడిగినప్పుడు “ఎరుపు” అన్న బిడ్డ, “ఏం రంగూ?” అని మరోసారి సాగదీసి అడగ్గానే “పచ్చ” అనడం ఏ కేంద్రంలోనైనా చూడవచ్చు. ఆ బిడ్డకు రంగులు రావని రిజిస్టరులో రాసేస్తారు. వాడికి రంగులు వచ్చు, దానికంటే బాగా టీచరు గొంతును చదవడం వచ్చు. అందుకే దశల పేర్లు, వయసుల పట్టిక కంటే, పియాజేను సరిదిద్దిన ఈ పరిశోధనలే పసిపిల్లల టీచరుకు ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. అడిగే తీరు మారితే తెలివి మారినట్టు కనిపిస్తుందన్న ఎరుక ఉన్న టీచరు, ఫలానా బిడ్డ మందమతి అని ముద్ర వేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

చేతిరాత విషయంలో మనం సిద్ధాంతాన్నే కాదు, శరీర నిర్మాణాన్ని కూడా లెక్కచేయడం లేదు. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల బిడ్డకు వాటిలో చాలా వరకు ఇంకా ఎముకగా గట్టిపడని మృదులాస్థి రూపంలోనే ఉంటాయి. పిండి ముద్ద పిసకడం, గింజలు ఏరడం, పూసలు గుచ్చడం, గోడ మీద తడి గుడ్డతో పెద్ద పెద్ద గీతలు గీయడం ఆ చేతికి తగిన పనులు. మన దగ్గర మూడో ఏట అక్షరాభ్యాసం చేయించి, తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని పళ్లెంలోని బియ్యంలో బిడ్డ వేలు పట్టుకుని దిద్దించడం ఒక శుభకార్యం. ఆ కార్యంలో బిడ్డ చేయి పెద్దవారి చేతిలో ఉంటుంది, తప్పొప్పుల లెక్క ఉండదు. ఆ మరుసటి వారం నుంచే నాలుగు గీతల కాపీ పుస్తకంలో కర్సివ్ రాతను ఇంటిపనిగా ఇచ్చే బడి మాత్రం ఆ వయసు బిడ్డ చేతి మీద మోయలేని బరువు పెడుతోంది. ఇంటిపని లేకపోతే ఫీజు వృథా అనుకునే తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ ఎముకల సంగతి చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. నేను చెప్పి చూశాను.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది బిడ్డను మొదటిసారి విడిచిపెట్టే రోజు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక, తల్లి వంటి స్థిరమైన ఆత్మీయురాలి సాన్నిహిత్యం లేని శైశవం మనసుకు ఎంత హాని చేస్తుందో లోకానికి చెప్పింది. దాన్ని అడ్డం పెట్టుకుని, తల్లులు ఉద్యోగాలు చేయకూడదని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదన నిలవలేదు. రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ గ్లాస్గోలో 60 మంది శిశువులను గమనించి 1964లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర వయసుకు ఎక్కువ మంది బిడ్డలు ఒకరికంటే ఎక్కువ మందితో గట్టి అనుబంధం పెంచుకున్నట్టు తేలింది. నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్తల చేతుల మీదుగా పెరిగిన మనకు ఇది వింతగా అనిపించదు. బిడ్డకు కావలసినది తల్లి ఒక్కతే కాదు, తనను ఎరిగిన, రోజూ అక్కడే ఉండే కొద్దిమంది మనుషులు.

జర్మనీలోని శిశు కేంద్రాల్లో దీన్ని ఆచరణలోకి తెచ్చిన తీరు నాకు చాలా నచ్చుతుంది. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన కుటుంబాలకు ఇది పరిచయమే. మొదటి కొద్ది రోజులు తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతో పాటు గదిలోనే కూర్చోవాలి. ఆ తర్వాత కొద్ది నిమిషాలు బయటికి వెళ్లి రావాలి. బిడ్డకంటూ కేటాయించిన సంరక్షకురాలు ఏడుస్తున్న బిడ్డను సముదాయించగలిగినప్పుడే విడిచి ఉండే సమయాన్ని పెంచుతారు. ఇందుకు వారాలు పడుతుంది. మన దగ్గర జూన్ నెలలో ఏ ప్లేస్కూలు గేటు దగ్గర నిలబడినా, చేతుల్లోంచి బిడ్డను లాక్కుని “మీరు వెళ్లిపోండి అమ్మా, మీరుంటేనే ఏడుస్తాడు, రెండు రోజుల్లో వాడే అలవాటు పడతాడు” అనడం వినిపిస్తుంది. మూడో రోజుకు బిడ్డ నిజంగానే ఏడుపు మానేస్తాడు. బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో ఒంటరిగా ఉంచిన పిల్లలను గమనించి చెప్పినది సరిగ్గా దీని గురించే: మొదట నిరసన, తర్వాత నిరాశ, ఆ తర్వాత పట్టనితనం. ఏడుపు ఆగిన ప్రతిసారీ బిడ్డ కుదురుకున్నట్టు కాదు, కొన్నిసార్లు ఆశ వదులుకున్నట్టు. ఆ పరిశీలనలు బ్రిటన్‌లో పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను అనుమతించడానికి దోహదపడ్డాయి. మన ప్లేస్కూలు గేట్లను ఇంకా తెరిపించలేకపోయాయి. అంగన్‌వాడీ ఈ విషయంలో ఎంతో నయం. ఊళ్లోనే, నాలుగు ఇళ్ల అవతల, బిడ్డ పుట్టకముందు నుంచీ ఆ తల్లిని ఎరిగిన టీచరు, ఆయా ఉంటారు.

బుడాపెస్ట్‌లో 1946లో శిశు గృహాన్ని ప్రారంభించిన ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల వైద్యురాలి గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు, ఉండాలి. అక్కడి సంరక్షకురాలు బిడ్డను ఎత్తుకునే ముందు ఎత్తుకుంటున్నానని చెప్పి, చేతులు చాచి, బిడ్డ స్పందించే వరకు ఆగేది. స్నానం, తిండి, గుడ్డలు మార్చడం గబగబా ముగించాల్సిన చాకిరీ కాదని, పసిబిడ్డకు దక్కే అసలైన చదువు అవేనని పిక్లర్ భావించారు. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని, కబుర్లు చెబుతూ లాల పోసే పెద్దావిడను చూసినవారికి ఈ భావం సులభంగా అందుతుంది. బిడ్డ తనంతట తాను కూర్చోకముందే దిండ్లు ఆనించి కూర్చోబెట్టడం కూడా ఆమెకు సమ్మతం కాదు. బేబీ వాకర్ కొనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. కెనడా 2004లోనే వాటిని నిషేధించింది.

ఇటలీకి చెందిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి పేరు మాత్రం మన వీధుల్లో ప్రతి బోర్డు మీదా ఉంది. ఆమె 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి, యుద్ధం వల్ల 1946 వరకు ఈ దేశంలోనే ఉండి, వందలాది మందికి శిక్షణ ఇచ్చారు. అంతకుముందే 1920లో గుజరాత్ విద్యావేత్త గిజూభాయి బధేకా భావనగర్‌లో బాలమందిర్ నెలకొల్పి, ఆమె పద్ధతిని గుజరాతీ కథలు, పాటలు, ఆటలతో స్థానికం చేశారు. మాంటిస్సోరి బోధనోపకరణమైన గులాబీ దిమ్మెల గోపురాన్ని గాజు బీరువాలో దాచి, తల్లిదండ్రులకు చూపించడానికే వాడే బడి వీరిద్దరిలో ఎవరి బాటలోనూ లేదు. పనిలో లీనమైన బిడ్డను కదిలించకుండా పెద్దవారు పక్కకు తప్పుకోవడమే మాంటిస్సోరి పద్ధతికి ఆయువుపట్టు, అది ఏ దుకాణంలోనూ దొరకదు.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలుగా విస్తరించింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. 2022లో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆధార్‌శిల, పుట్టిన నాటి నుంచి మూడేళ్ల వరకు నవచేతన అనే మార్గదర్శకాలు వెలువడ్డాయి. వీటిలో ఆట, అనుబంధం, మాట్లాడే స్వేచ్ఛ గురించి నిజంగా మంచి మాటలున్నాయి. కానీ పాలు, గుడ్లు, బాలామృతం పంపిణీ, బరువులు, ఎత్తులు, గర్భిణుల వివరాలు, ఫోనులో ఫొటోలు, యాప్‌లో నమోదులు అన్నీ పూర్తి చేసేది ఒకే టీచరు. ఆటల కిట్టు పాడవుతుందేమోనని బీరువాలోనే ఉంచే టీచరును తప్పుపట్టే ముందు, పగిలిన బొమ్మకు ఆమె సంజాయిషీ ఇచ్చుకోవలసిన పరిస్థితిని చూడాలి.

చుట్టుపక్కల అంగన్‌వాడీల టీచర్లందరూ కలిసే, నెలకోసారి జరిగే సెక్టార్ సమావేశంలో ఒక్క అరగంట ఒకే ఒక బిడ్డ గురించి మాట్లాడుకుంటే చాలునని నాకు అనిపిస్తుంది. ఆ బిడ్డ ఏడుపు వచ్చినప్పుడు ఎవరి వైపు చూస్తుంది, పనిలో ఏమని గొణుక్కుంటుంది, ఎంతసేపు ఏ ఆటలో నిలుస్తుంది అని ఒక టీచరు తన నోటు పుస్తకం నుంచి చదివితే, మిగతావారు తమ కేంద్రాల్లో చూసినది చెబుతారు. జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్ కళాశాలల ఛాత్రోపాధ్యాయులను ఆ సమావేశాలకు పంపవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో ఒక నెల అంగన్‌వాడీకి కేటాయించవచ్చు. వీటికి కొత్త భవనాలు, పెద్ద నిధులు అక్కర్లేదు. కావలసినది టీచరు సమయం, అందుకు ఆమె నింపే రిజిస్టర్లలో, యాప్ నమోదుల్లో ఏవి రెండేసిసార్లు జరుగుతున్నాయో లెక్క తీసి, వాటిని తగ్గించమని రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలను అడగడంతో మొదలుపెట్టాలి.