వాగు అవతలి నుంచి ఒక వార్త: నా అనుభవం

ములుగు జిల్లాలో నేను మండల విలేకరిని. మా దగ్గర సగం వార్తలు వాట్సాప్ గ్రూపులోనే పుడతాయి. పోలీసు, వైద్య, అటవీ శాఖల వాళ్లు అందులో ప్రెస్ నోట్ పెడతారు, పేరాలు అటూ ఇటూ మార్చి డెస్క్‌కు పంపుతాం. ఒక వానాకాలం అట్లాగే ఒక మెసేజ్ వచ్చింది. అడవి లోపలి గుత్తి కోయ గూడెంలో జ్వరంతో ఒక పాప చనిపోయిందట. వైద్య సిబ్బంది ఎంత చెప్పినా వినకుండా తల్లిదండ్రులు వడ్డె దగ్గరికి, అంటే వాళ్ల పూజారి దగ్గరికి తీసుకెళ్లారని, మూఢనమ్మకమే ప్రాణం తీసిందని రాశారు.

చూస్తుండగానే యూట్యూబ్ చానళ్లలో అదే వచ్చేసింది. నేను పంపలేదు. ఆ నోట్‌ను రెండుసార్లు చదివాను. పాపకు వచ్చింది ఏ జ్వరమో లేదు. ఎప్పుడు మొదలైందో లేదు. ఎవరు చూశారో, ఏం మందు ఇచ్చారో లేదు. ఇవేవీ లేకపోయినా ఎందుకు చనిపోయిందన్నది మాత్రం గట్టిగా ఉంది. మిగతా వివరాలు తెలియకముందే కారణం తెలిసిపోయిందంటే, అది ఆ గూడెంలో దొరికిన కారణం కాదు. ఎవరో ముందే మనసులో పెట్టుకున్నది.

ఈ ప్రాంతం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం, అంటే మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ ఉద్యమం మొదలయ్యాక అటు దంతెవాడ, బీజాపూర్ వైపు ఊళ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్లు మా అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. వాళ్లనే ఇక్కడ గుత్తి కోయలు అంటారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది గానీ, వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. నాట్లకు, పత్తి ఏరడానికి, మిర్చి కోతకు వాళ్లే వస్తారు. పేపర్లో మాత్రం పోడు, మావోయిస్టులు, మూఢనమ్మకం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటేనే కనిపిస్తారు.

గూడెం వెళ్లాలనుకున్నప్పుడు మొదటి చిక్కు భాష. బేస్ క్యాంపు వాచర్ ఒకతను తోడు వస్తానన్నాడు, మంచివాడే. కానీ అటవీ శాఖ మనిషి పక్కన నిలబడితే వాళ్లు ఏం మాట్లాడతారు? ఎప్పుడు ఖాళీ చేయిస్తారో అన్న భయంతోనే బతికే మనుషులు వాళ్లు. రోడ్డు మీది ఊళ్లో డిగ్రీ చదువుతున్న ఒక కోయ తమ్ముణ్ని అడిగాను. వాళ్ల మాట అతనికి బాగా అర్థమవుతుంది. ఎవరితో వెళ్తున్నామన్నది కూడా వార్తను మారుస్తుందని నా నమ్మకం.

అక్కడ కూర్చున్నాక, వడ్డె దగ్గరికి ఎందుకు పోయారని అడగలేదు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే తప్పు ఒప్పుకోమన్నట్టే ఉంటుంది. జ్వరం ఏ పొద్దున వచ్చింది, అప్పుడు ఏం చేశారు, ఆ తర్వాత ఏం చేశారు, ఇట్లా పూట పూటకు అడుగుతూ పోయాను. పాప తండ్రి తల వంచుకుని చెప్పాడు. మధ్యలో ఆగిపోతే మేనమామ అందుకున్నాడు.

మొదటి సాయంత్రం వడ్డె దగ్గరికి పోయింది నిజమే. ఆయన పసరు పోసి, మంత్రించి పంపాడు. మర్నాడు పొద్దున్నే తండ్రి ఆశ కార్యకర్తకు కబురు పెట్టాడు. ఆమె నడిచొచ్చి వేలి మీద చుక్క రక్తం తీసి కిట్‌తో చూస్తే ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా అని తేలింది. మాత్రలు వేసింది, పాప కక్కేసింది. మళ్లీ వేస్తే మళ్లీ కక్కేసింది. ఇక ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇవ్వాల్సిందేనని ఆమే 108కి ఫోన్ చేయించింది. కర్రకు దుప్పటి కట్టి, పాపను పడుకోబెట్టి మోసుకుంటూ వాగు దాకా వచ్చారు. వాగు పొంగుతోంది. అంబులెన్స్ అవతలి ఒడ్డున ఉంది. నీళ్లు తగ్గేసరికి చీకటి పడింది. దాటించి, రోడ్డెక్కించేలోపే పాప పోయింది.

ఆశ అక్కను విడిగా కలిశాను. అదే చెప్పింది. ‘వాళ్లే కబురు పెట్టిండ్రు సారూ, నేను పోయి పిలిచింది కాదు’ అని ఒకటికి రెండుసార్లు అన్నది. పీహెచ్‌సీలో రిజిస్టర్ చూపించమంటే డాక్టర్ గారు ఆ రోజు టైములు చదివి వినిపించారు. నోట్ తాను రాయలేదన్నారు. ఫోన్‌లో వివరాలు అడిగిన పై ఆఫీసుకు వడ్డె సంగతి కూడా చెప్పానని, అక్కడ అదే మిగిలిందని అన్నారు.

ఇక్కడే నాకు ఒక విషయం బాగా తెలిసొచ్చింది. మూస అభిప్రాయం అంటే అబద్ధం అనుకుంటాం. చాలాసార్లు అబద్ధం కాదు. వడ్డె నిజం, పసరు నిజం. ఒక నిజమైన వివరాన్ని తెచ్చి కారణం ఉండాల్సిన చోట కూర్చోబెట్టడంలోనే మోసం ఉంది. హనుమకొండలో జ్వరమొచ్చిన పిల్లకు ముందు తాయత్తు కట్టించి, తర్వాత ఎంజీఎం ఆస్పత్రికి తీసుకెళ్లే ఇళ్లు ఎన్ని లేవు? అక్కడ ఏదైనా జరిగితే తాయత్తు గురించి మనం ఒక్క ముక్క రాయం. ఏ టైముకు చేర్చారు, డాక్టర్ ఉన్నాడా, మందు ఉందా అని అడుగుతాం. అవే ప్రశ్నలు గూడెంలో ఎందుకు అడగం?

2023 జూలైలో మా జిల్లా చూసిన వరద ఎవరూ మర్చిపోలేదు. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏటూరునాగారం మండలం కొండాయిని జంపన్నవాగు ముంచెత్తితే 8 మంది కొట్టుకుపోయారు. ఆ వార్తల్లో కారణం వాగే. ఆ ఊరి వాళ్ల అజ్ఞానం అని ఎవరూ రాయలేదు, రాయకూడదు కూడా. అలాంటి వాగే అడ్డుపడి గూడెం పాప చనిపోతే మాత్రం వాగు మాయమై మూఢనమ్మకం మిగిలింది.

అటవీ అధికారి మాట కూడా తీసుకున్నాను. ఆయన కోపంగా ఏమీ లేరు. రిజర్వు అడవిలో రోడ్డు వేయాలంటే కుదరదని, అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఉన్నవాళ్లకేనని, వీళ్లు ఆ తర్వాత వచ్చారని చెప్పారు. చెట్లు నరకడం నిజమన్నారు, అదీ రాశాను. అదే చట్టంలో రోడ్డు, బడి, దవాఖాన లాంటివాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి వాడుకునే వీలుంది. హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు చేయాలి. ఇది వీళ్లకు వర్తిస్తుందా అని అడిగితే పై అధికారులు చెప్పాలన్నారు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో అడిగితే పరిశీలిస్తామన్నారు. ఆ ప్రశ్న వార్తలోకి వెళ్లడమే నాకు ముఖ్యం. ఎందుకంటే మూఢనమ్మకం అని రాస్తే ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

రాసి పంపాక డెస్క్ నుంచి ఫోన్.

‘తమ్మీ, మిగతావాళ్లందరు మూఢనమ్మకం అని కొట్టిండ్రు. మనకు లేకపోతే వార్త మిస్సయినట్టు గాదా?’

‘అన్నా, వడ్డె దగ్గరికి పోయిన ముచ్చట మూడో పేరాల ఉంది, దాచలే. పాప పోయింది వాగు దాటలేక.’

‘ఆధారం?’

పీహెచ్‌సీలో రాసుకున్న టైములు, ఆశ అక్క మాట, డాక్టర్ మాట వరుసగా చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘వాగు దాటలేక.. వైద్యం అందక’ అని హెడ్డింగ్ పెట్టారు. అక్కడితో అయిపోలేదు. కింద ‘అమాయక గిరిజనుల దీనగాథ’ అని ఇంకో లైన్ చేర్చబోయారు. అది కూడా వద్దన్నాను. కిట్ పరీక్ష దగ్గర్నుంచి అంబులెన్స్ దాకా చేయాల్సింది ఏమిటో ఆ తండ్రికి తెలుసు, అన్నీ చేశాడు. జాలిపడి రాసినా మనిషిని తెలివిలేనివాడిగానే చూపించినట్టవుతుంది. ఏడుస్తున్న తల్లి ఫొటో అడిగారు. నేను తీయలేదు. వాగు ఫొటో, దుప్పటి కట్టిన కర్ర ఫొటో పంపాను.

హెడ్డింగ్‌లో తెగ పేరు లేకుండా చూడమని కూడా అడిగాను. కించపరిచే అర్థం వచ్చే సందర్భంలో కులం గుర్తింపు రాయకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. ఆ జాగ్రత్త లేనప్పుడు ఏం జరుగుతుందో 2022 నవంబర్‌లో చూశాం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో అటవీ రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావును దారుణంగా చంపారు. ఆ నేరానికి కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. కానీ ఆ వారంలో వచ్చిన హెడ్డింగుల్లో చాలావాటిలో నేరస్తుల స్థానంలో ఉన్నది ‘గుత్తి కోయలు’. బెండాలపాడు పంచాయతీలో గుత్తి కోయలను ఊరి నుంచి పంపేయాలని తీర్మానం చేశారు. ఏ మచ్చా లేని ఆడవాళ్లు, పిల్లలు కూడా ఆ తీర్మానంలోకి వచ్చేశారు.

మర్నాడు వార్త జోన్ పేజీలో వచ్చింది. అంతకుముందు మూఢనమ్మకం అని వేసిన చానళ్ల వాళ్లకు ఫోన్ చేశాను. ఒక అబ్బాయి వెంటనే టైటిల్ మార్చాడు. మిగతావాళ్లు ‘ప్రెస్ నోటే కదా అన్నా’ అన్నారు, వీడియోలు అలాగే ఉన్నాయి.

వాళ్లను తిట్టి లాభం లేదు. మాలో చాలామందికి జీతం లేదు, లైన్ అకౌంట్ మీద బతకాలి. వార్త ఎంత పొడుగు వస్తే అంత డబ్బు. గూడెం దాకా పోయి రావడానికి పెట్రోలుకే అంతకంటే ఎక్కువవుతుంది. పైగా ప్రకటనల టార్గెట్ల టెన్షన్. ఇంట్లో కూర్చుని నోట్ పంపినవాడికీ, వాగు దాటి వచ్చినవాడికీ ఒకే లెక్క అయితే ఎవరు వాగు దాటుతారు? మూస వార్తలు తగ్గాలని యాజమాన్యాలు నిజంగా కోరుకుంటే శిక్షణ తరగతుల కంటే ముందు ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. మరణాల మీద వచ్చే నోట్లను, ఇంకో మనిషి మాట లేకుండా డెస్క్ తీసుకోకూడదు. గూడేల దగ్గర చదువుకున్న కోయ పిల్లలు ఉన్నారు, వాళ్లను విలేకరులుగా పెట్టుకోవాలి.

నాతో వచ్చిన తమ్ముడు ఇప్పుడు సొంతంగా వివరాలు పంపుతున్నాడు. అతని పేరుతో వచ్చిన మొదటి వార్త అంగన్‌వాడీలో గుడ్లు అందని పిల్లల గురించి. దాని కోసం వాళ్ల తల్లులతో, టీచర్‌తో, సూపర్‌వైజర్‌తో మాట్లాడి, ఎవరు ఏమన్నారో విడివిడిగా రాసి పంపాడు.