ఎమ్మెల్యే సోమవారం

మార్చి, సోమవారం. బడ్జెట్ సమావేశాల రోజులు. సభ పదింటికి, కానీ ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున ఆరున్నరకే చెప్పుల జతలు పేరుకుంటాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ల చేతుల్లో పాలిథిన్ కవర్లు, కవర్లలో ఆస్పత్రి బిల్లులు. హైదరాబాద్‌లో ఏ పార్టీ ఎమ్మెల్యే గుమ్మం దగ్గరైనా ఇదే వరస.

ఎక్కువ కాగితాలు ముఖ్యమంత్రి సహాయ నిధివే. ఇక్కడ తప్పు చిన్నది, దానివల్ల పోయే డబ్బు పెద్దది. ఒరిజినల్ బిల్లులు ఇంకెక్కడో ఇచ్చేసి జిరాక్సులు పట్టుకొస్తారు, అవి చెల్లవు. డిశ్చార్జి సమ్మరీ మీద ఆస్పత్రి ముద్ర ఉండదు. ఆధార్‌లో నర్సింహ అని ఉంటే బిల్లులో నర్సింహులు అని ఉంటుంది. 2024 నుంచి దరఖాస్తు ఆన్‌లైన్ అయింది, బ్యాంకు ఖాతా నంబరు తప్పనిసరి అయింది. కాబట్టి పాస్‌బుక్కు, ఆధార్, బిల్లు మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో ముందు చూసుకోవాలి. పేరు తప్పు పడితే ఆస్పత్రి నుంచి సవరణ లేఖ తెచ్చుకోవడం డిశ్చార్జి అయిన వారంలో తేలిక, ఆరు నెలల తర్వాత నరకం.

నిమ్స్‌లో ఆపరేషన్ ఉందంటే దారి వేరు. డాక్టరు సంతకంతో ఎస్టిమేట్ తీసుకుని, దానికి ఎమ్మెల్యే లేఖ జతచేసి ఎల్వోసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం, అడగాలి. అదీ ఆపరేషన్‌కు ముందే. అయిపోయాక అడిగితే ఎల్వోసీ ఇవ్వరు. అసలు వీటన్నింటికన్నా ముందు ఆ జబ్బు ఆరోగ్యశ్రీలో ఉందేమో చూడాలి. 2023 డిసెంబరులో ఆ పథకంలో చికిత్స ఖర్చు పరిమితి 10 లక్షలకు పెరిగింది. లిస్టులో ఉన్న జబ్బుకు అప్పు చేసి బిల్లు కట్టి, తర్వాత సహాయ నిధి నుంచి అందులో కొంత తెచ్చుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వాళ్లను ఆస్పత్రిలో చేరే రోజే సరైన కౌంటరుకు పంపే పీఏ ఉంటే, ఆ నియోజకవర్గం అదృష్టం చేసుకున్నట్టే.

చెక్కుల సంగతి రాయకుండా ఉండలేను. చెక్కు గడువు 3 నెలలు. వచ్చిన చెక్కులను కట్ట కట్టి, ఎమ్మెల్యే చేతుల మీదుగా ఒకేసారి పంచుదామని బీరువాలో పెడతారు. సభ అడ్డొస్తుంది, టూరు అడ్డొస్తుంది, కార్యక్రమం వాయిదా పడుతుంది. ఈలోగా కొన్నిటికి తేదీ దాటిపోతుంది. మళ్లీ రాయించాలంటే కాగితం మొదటి నుంచి తిరగాలి. ఇది అన్యాయం. చెక్కు వచ్చిన రోజే ఫోన్ చేసి ఇచ్చేయాలి, ఫొటో తర్వాత సంగతి. 1,00,116 రూపాయల కల్యాణలక్ష్మి, షాదీముబారక్ చెక్కులకూ అంతే.

తిరుమల దర్శనం లేఖలు, స్కూలు సీట్ల లేఖలు, బదిలీల లేఖలు వస్తూనే ఉంటాయి. ఇవాళ ఒక ముసలాయన లేచి, "బిడ్డా, లెటరు ఇచ్చిండ్రు గని ఆఫీసుల ఎవ్వలు పట్టించుకుంట లేరు" అన్నాడు. పీఏ లెడ్జరు తీసి, "పెద్దాయనా, లెటరు మీద నంబరు చెప్పు, ఇప్పుడే ఫోన్ కొడ్త" అన్నాడు. నా లెక్కలో మంచి ఎమ్మెల్యే ఆఫీసుకు గుర్తు ఆ లెడ్జరే. నంబరు, తేదీ, ఎవరి కోసం, ఏ అధికారికి, అడిగినవారి ఫోను, చివరి గడిలో ఏమైందన్నది. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే లేఖ ఇచ్చీ ఇవ్వనట్టే. అడిగిన ప్రతివాళ్లకూ కాదనకుండా సంతకం పెట్టి, ఒక్కదాని వెంటా పడని వాళ్లు మొదటి రెండేళ్లు మంచివారనిపించుకుంటారు. మూడో ఏడు వాళ్ల లేఖను క్లర్కు కూడా చదవడు.

తొమ్మిదిన్నరకు బండి నాంపల్లిలోని అసెంబ్లీ వైపు. 119 మంది కూర్చునే సభ. ఏడాదికి నెల రోజులు నిండా కూర్చోవడం కూడా అరుదు. రెండు సమావేశాల మధ్య 6 నెలలు దాటకూడదని రాజ్యాంగం అంటే, ఆ గడువు లోపల కూర్చుంటే చాలన్నట్టు నడుస్తుంది. అందుకే దొరికిన ప్రతి రోజూ విలువైనదే. లేఖ ఎవరైనా రాయగలరు, కార్పొరేటరు రాస్తాడు, కాలనీ సంఘం రాస్తుంది. మంత్రి లేచి రికార్డులోకి సమాధానం చెప్పాల్సిన ప్రశ్న మాత్రం సభ్యుడొక్కడే వేయగలడు. ఆ హక్కును వాడుకోని ఎమ్మెల్యే చేతిలో ఉన్న పెద్ద పనిముట్టును పక్కన పడేసినట్టే.

ప్రశ్న వేయడానికీ ఒక పద్ధతి ఉంది. "మా నియోజకవర్గంలో నాలాలు అధ్వానంగా ఉన్న మాట వాస్తవమేనా?" అని అడిగితే అచ్చులో వచ్చేది ఒక్క మాట: "లేదండి." రెండో భాగానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు." కథ అక్కడితో సరి. అదే ప్రశ్నను ఫలానా నాలా గోడకు ఎంత మంజూరైంది, ఏ తేదీన అగ్రిమెంట్ అయింది, ఇప్పటికి ఎన్ని మీటర్లు కట్టారు, మిగతాది భూసేకరణ వల్ల ఆగిందా బిల్లులు రాకనా అని అ, ఆ, ఇ, ఈ భాగాలుగా విడగొడితే శాఖ అంకెలు తీయక తప్పదు. అందుకు ప్రశ్న రాసేవాడు ముందుగా ఇంజనీరు దగ్గర ఎస్టిమేటు కాపీ, మంజూరు ఉత్తర్వు నంబరు సంపాదించాలి. నక్షత్రం గుర్తు ప్రశ్న అయితే మంత్రి నోటితో జవాబు, ఆపైన అనుబంధ ప్రశ్నలు. గుర్తు లేనిదైతే రాతపూర్వకం. రోజుకు పది ప్రశ్నలు లిస్టులో ఉన్నా గంటలో అన్నీ రావు. వంతు రాకపోయినా సమాధానం కాగితం మీద వస్తుంది, దాన్ని తీసి దాచుకోవాలి. మంత్రి "చేస్తాం" అన్న మాట సభ రికార్డులో పడితే దాని వెంట పడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆ కమిటీకి గుర్తు చేసే సభ్యులు తక్కువ, చేసినవాళ్లకు పనులైన సందర్భాలు ఉన్నాయి.

తెలంగాణ 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. అంత పద్దు మీద సభలో చర్చ నడిచేది కొన్ని రోజులే. ఆఖరి రోజు మిగిలిన పద్దులన్నీ ఒక్క ఊపులో ఆమోదం పొందుతాయి. సభ్యుడు తన నియోజకవర్గానికి తగిలే రెండు మూడు శాఖల పద్దులు ముందే చదువుకుని వస్తే, దొరికే ఐదు నిమిషాల్లో పనికొచ్చే మాట చెప్పగలడు. లేదంటే ఆ ఐదు నిమిషాలూ పార్టీ అధినేత పొగడ్తలకే సరిపోతాయి.

సభలో గొంతుకు విలువ ఉన్న రోజులు మనకు తెలుసు. ఎల్లారెడ్డి నుంచి 1967లో, 1972లో గెలిచిన జె. ఈశ్వరీబాయి వెనక పెద్ద పార్టీ లేదు, అయినా ఆమె లేచారంటే సభ వినేది. ఖైరతాబాద్ నుంచి 5 సార్లు గెలిచిన పి. జనార్దన్ రెడ్డి కార్మిక సంఘాల నుంచి వచ్చారు. అధికారంలో సొంత పార్టీయే ఉన్నా, కృష్ణా నీళ్లను రాయలసీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు మీద నిలదీశారు. ఇల్లందు నుంచి 5 సార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య బస్సులో వచ్చి వెళ్లేవారు. ముగ్గురి పార్టీలూ దారులూ వేరు, జనం పనిని సభ దాకా మోసుకురావడంలో మాత్రం ముగ్గురూ ఒకటే.

మెట్లెక్కడం కూడా తలా ఒక రకం. రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ జెడ్పీటీసీ, 2007లో స్థానిక సంస్థల ఎమ్మెల్సీ, 2009లో, 2014లో కొడంగల్ ఎమ్మెల్యే. 2018లో ఓడి, 2019లో మల్కాజిగిరి ఎంపీగా గెలిచి, 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. జి. కిషన్ రెడ్డి అంబర్‌పేటలో 2018లో 1,016 ఓట్లతో ఓడి, కొన్ని నెలలకే సికింద్రాబాద్ ఎంపీ అయ్యారు. ఓటమి దగ్గర ఆగిపోని వాళ్లకు అప్పటికే కింద బూత్ బలం ఉంటుంది.

ఆ బలం తెలిసేది ఫారం 20లో. బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చెప్పే కాగితం అది. 2023లో యాకుత్‌పురా తేడా 878, చేవెళ్లలో 268. అంత సన్నటి తేడాల్లో ఒక్క అపార్టుమెంటు ఓటర్లు పోలింగ్‌కు రాకపోవడం, ఒక్క గల్లీలో ఏడాదిగా మురుగు పారడం ఫలితాన్ని మార్చేస్తాయి. సగం మంది కూడా ఓటుకు కదలని హైదరాబాద్ జిల్లాలో ఇది మరీ నిజం. గెలిచిన మర్నాడే ఫారం 20 ముందేసుకుని, ఓడిన బూత్‌లకు ముందు వెళ్లేవాడే రెండోసారి గెలుస్తాడని నా నమ్మకం.

పదవి ఊడగొట్టేవి వేరే ఉన్నాయి. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. 2 ఏళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే అనర్హత. 40 లక్షల పరిమితిలో పెట్టిన ఎన్నికల ఖర్చుల లెక్క ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఇవ్వకపోతే 3 ఏళ్ల వేటు పడొచ్చు, ఓడినవాళ్లు దీన్నే ఎక్కువగా మరిచిపోతారు. నామినేషన్‌లో పార్టీ టికెట్ ఇచ్చినట్టు చూపే బి-ఫారం మీద సంతకం ఇంకుతో ఉండాలి, జిరాక్సు పనికిరాదు. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. గత 10 ఏళ్లలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉంటే అద్దె, నీళ్లు, కరెంటు బకాయి లేదన్న పత్రం కావాలి. క్వార్టర్స్ ఖాళీ చేసిన రోజే తీసి పెట్టుకుంటే ఆఖరి రోజు పరుగు ఉండదు.

సాయంత్రం రెండు పెళ్లిళ్లు, ఒక దశదిన కర్మ. రాత్రి తొమ్మిదికి, తర్వాతి సమావేశాల కోసం ప్రశ్నల చిత్తుప్రతులు. నాలా ప్రశ్నలో మంజూరు ఉత్తర్వు నంబరు ఇంకా దొరకలేదు, రేపు పదిన్నరకు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో అడగాలి.