పరాభవ నామ సంవత్సరానికి ఒక వెక్కిరింపు పంచాంగం

2026 మార్చి 19న మొదలైన పరాభవ నామ సంవత్సరానికి, విజయనగరంలో మేము కొందరు మిత్రులం కలిసి పదహారు పేజీల వ్యంగ్య పత్రిక ఒకటి పంచాంగం రూపంలో అచ్చు వేసి ఉగాది నాడు పంచాము. సొంతంగా రాసి, బొమ్మలు గీసి, కొద్ది ప్రతులు మాత్రమే వేసుకునే ఇటువంటి పత్రికను తామూ తీయాలనుకునేవారు కొందరు వివరాలు అడిగినందువల్ల ఇది రాస్తున్నాను.

పండుగ సంచిక అనగానే మా బృందంలో ఎక్కువ మందికి తట్టింది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు, సిరిమాను అనే పొడవైన చెట్టు మాను చివర ఆసనంలో పూజారి కూర్చోగా, అది మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ఆ రోజు ఇక్కడే ఉంటారు కనుక పాఠకులకు కొదవ ఉండదన్నది వారి వాదన. నేను ఒప్పుకోలేదు. ఆ తోపులాటలో చేతికిచ్చిన కాగితం నిలిచి చదివేవారు ఉండరు; పైగా అమ్మవారి జాతరలో ఊరి పెద్దల మీద వేసిన విసురు అమ్మవారి మీద వేసినట్టుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది. ఉగాదికి ఆ చిక్కు లేదు. ఆ రోజు ప్రతివారూ తమ రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో చూసుకుని, నమ్మినవారూ నమ్మనివారూ కూడా కాస్త నవ్వుకుంటారు. ఆ నవ్వుకు సిద్ధంగా ఉన్న పాఠకుడి చేతిలోనే మా పత్రిక పెట్టాలనుకున్నాము.

వ్యంగ్య పంచాంగం కొత్త ఊహ ఏమీ కాదు. అయితే నేను చూసిన వాటిలో చాలామటుకు రాశిఫలాల దగ్గర నాలుగు జోకులు వేసి ఊరుకుంటాయి. పంచాంగంలో అసలు సరుకు అంతకంటే చాలా ఎక్కువ. ఆ ఏడాదికి రాజు, మంత్రి వంటి తొమ్మిది పదవులు పొందిన నవనాయకులు ఉన్నారు, వర్షపు లెక్క ఉంది, మకర సంక్రాంతి పురుషుని లక్షణాలు ఉన్నాయి, మౌఢ్యాలు, రాహుకాలాలు, నాలుగేసి నెలలకు నక్షత్రాల వారీగా చెప్పే కందాయ ఫలాలు ఉన్నాయి. వీటన్నిటికీ కట్టుదిట్టమైన నియమాలున్నాయి. ఆ నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తూ లోపలి విషయాన్ని మాత్రం మార్చాలని, ఎక్కడా ఆశ్చర్యార్థకం వేయకూడదని, "హహ" అని పాఠకుడికి సైగ చేయకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాము. రాసేవాడు గంభీరంగా ఉన్నంతసేపే వ్యంగ్యం నిలుస్తుందని నా నమ్మకం.

ఉదాహరణకు అంకెలు తీసుకోండి. రాశులకు చెప్పే ఆదాయవ్యయాలు 2, 5, 8, 11, 14 అనే అంకెల్లోనే ఉంటాయి. రాజపూజ్య అవమానాలు 1 నుంచి 7 వరకే. ఆదాయం 10 అని వేస్తే పంచాంగం చూడడం అలవాటున్న ఏ పెద్దాయనైనా అక్కడే పుస్తకం మూసేస్తాడు. పన్నెండు రాశులకు బదులు మేము పన్నెండు రకాల పట్టణవాసులను పెట్టుకున్నాము: ఫ్లెక్సీ రాశి, అద్దె ఇంటి రాశి, కోచింగ్ రాశి, పెండింగ్ ఫైలు రాశి, ప్లాట్ల రాశి, ఇలా. ఫ్లెక్సీ రాశి వారికి ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 7, అవమానం 7 అని వేశాము. గంటస్తంభం దగ్గర పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టించుకుని, మర్నాటి గాలికి అది చిరిగి తన ముఖమే సగం వేలాడుతుంటే చూసుకున్న మనిషికి ఆ నాలుగు అంకెలు చాలు, వివరణ అక్కరలేదు.

నవనాయకుల పట్టిక అన్నిటికంటే ఇష్టంగా రాసినది. అసలు లెక్క ప్రకారం చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమైతే ఆ వారాధిపతి రాజు, సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే మేష సంక్రమణం ఏ వారమైతే ఆ వారాధిపతి మంత్రి. ఈ ఏడాది ఉగాది గురువారం గనుక గురుడు రాజయ్యాడు. మేష సంక్రమణం జరిగిన ఏప్రిల్ 14 మంగళవారం గనుక కుజుడు మంత్రి అయ్యాడు. మా పట్టికలో సేనాధిపతి పదవి వీధికుక్కకు, మేఘాధిపతి పదవి నీళ్ల ట్యాంకరుకు, రసాధిపతి పదవి చెరుకు రసం బండికి దక్కాయి. నీరసాధిపతి మాత్రం సన్మాన సభలో చివరి వక్త. వర్షపు లెక్కలో సముద్రానికి ఇన్ని భాగాలు, కొండలకు ఇన్ని, నేలకు ఇన్ని అని చెప్పే పద్ధతి ఉంది కదా. మేము రైలు వంతెన కింది దారికి పెద్ద వాటా కేటాయించి, మిగిలినది పొలాలకు ఇచ్చాము.

మా పెదనాన్నగారు పౌరోహిత్యం చేస్తారు. ఆయనకు చూపించకుండా అచ్చుకు పంపడం మర్యాద కాదనిపించి చిత్తుప్రతి తీసుకెళ్లాను. కళ్లజోడు సవరించుకుని, ఒక్క నవ్వైనా నవ్వకుండా అంతా చదివి, "మౌఢ్యం ఏదిరా? మౌఢ్యం లేని పంచాంగం ఉంటుందా?" అని అడిగి, ఆ పేరా ఆయనే చెప్పి రాయించారు. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై కనిపించకుండా పోయిన రోజులు మౌఢ్యం, ఆ రోజుల్లో ముహూర్తాలు పెట్టరు. ఆయన చెప్పినది ఇది: "అధికారి బదిలీ అయినది మొదలు క్రొత్త అధికారి కుర్చీలో కూర్చుండు వరకు ఫైలు మౌఢ్యము. ఈ కాలమున సంతకములు, సర్టిఫికెట్లు మొదలగు సమస్త శుభకార్యములు నిషిద్ధములు." పత్రిక మొత్తంలో అందరూ చదివి వినిపించుకున్న వాక్యం అదే కావడం నాకు కొంచెం అసూయ కలిగించిన మాట నిజం.

భాష అంతా ఇలాగే పంచాంగాల గ్రాంథికంలో నడిపాము. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టి వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీదున్న గిడుగు అనే అక్షరరూపాన్నే (ఫాంటునే) శీర్షికలకు వాడుకుని, ఆయన వద్దన్న భాషను అందులో అచ్చు వేయడం మాలో మేము చేసుకున్న వేళాకోళం. లోపలి పాఠానికి గురజాడ అక్షరరూపం వాడాము. రెండూ ఫోన్లలో వాడే అక్షర ప్రమాణమైన యూనికోడ్‌వి, ఉచితంగా దొరుకుతాయి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. మన ఊళ్లలో డీటీపీ దుకాణాలు చాలావరకు ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో అను అనే పాత తెలుగు ఫాంట్లతోనే పనిచేస్తాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. ఫోనులో టైపు చేసిన తెలుగు అందులో అతికిస్తే అక్షరాలకు బదులు గుర్తులు వస్తాయి. మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, మార్చిన తరువాత ఒత్తులన్నీ మళ్లీ ఒకసారి దిద్దుకోవాలి. అందుకని పేజీలు మేమే యూనికోడ్ తెలిసిన ఇన్‌డిజైన్‌లో కూర్చి, ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి ఇచ్చాము. ఇన్‌డిజైన్‌లో కూడా పేరాగ్రాఫుకు వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి.

పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. నాలుగు ఏ4 కాగితాలను మధ్యకు మడిస్తే పదహారు ఏ5 పేజీలు వస్తాయి. ఏ పేజీ పక్కన ఏది రావాలో గుర్తుంచుకునేందుకు తేలిక సూత్రం ఒకటుంది: కాగితం ఒకవైపు పడే రెండు పేజీల సంఖ్యలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. 16 పక్కన 1, దాని వెనుక 2 పక్కన 15, అట్టడుగున 8 పక్కన 9. ఈ చివరి జంట ఒక్కటే చదివేటప్పుడు కూడా ఒకే కాగితంగా ఎదురుగా నిలుస్తుంది కనుక పన్నెండు రాశుల పెద్ద పట్టికను అక్కడ పరిచాము. మడిచాక లోపలి కాగితాల అంచులు కొద్దిగా బయటికి పొడుచుకొస్తాయి. కుట్టిన తరువాత అంచు కోయించాలి, కాబట్టి బయటి మార్జిన్ కొంచెం ఉదారంగా వదలాలి.

జిరాక్సు యంత్రం బూడిద రంగును మచ్చలుగా మారుస్తుంది. అందువల్ల ఫొటోలు, నీడలు మానేసి, బొమ్మలన్నీ నల్ల సిరాతో గీతలుగా వేయించి 600 డీపీఐలో స్కాన్ చేశాము. సంక్రాంతి పురుషుడు ఏ వాహనం ఎక్కితే, ఏ వస్త్రం కడితే, ఏ ఆహారం తింటే ఆ ఏడు వాటికి చేటు అని చెబుతారు. మా బొమ్మలో ఆయన షేర్ ఆటో ఎక్కి, ప్లాస్టిక్ గొడుగు పట్టుకుని, కాగితం ప్లేటులో నూడుల్స్ తింటున్నాడు. అట్టకు కరపత్రాల పసుపు కాగితం వాడి, మూలన చిల్లు పెట్టించి, మేకుకు తగిలించుకునేలా దారం కట్టాము.

అచ్చు వేసిన పెద్దాయన మొదట అనుమానపడ్డారు. "ఏటి బాబూ ఇది, కుక్క సేనాధిపతేటి? రేపు ఎవులైనా అడిగితే నానేటి సెప్పాలి?" అన్నారు. పుస్తకం మీద ముద్రాపకుని పేరు, ఊరు వేయడం 1867 నాటి చట్టం నుంచి వస్తున్న ఆనవాయితీ గనుక ఆయన భయంలో న్యాయం ఉంది. బతికున్న మనిషి పేరు గాని, పార్టీ పేరు గాని, కులం పేరు గాని, దేవుడి పేరు గాని ఎక్కడా లేదని పేజీలన్నీ తిప్పి చూపించాము. ఫైలు మౌఢ్యం దగ్గర ఆగి, చదివి, "మా పేరు ఎయ్యండి, పర్లేదు" అన్నారు.

గుడుల దగ్గర పంచాంగ శ్రవణానికి వచ్చినవారికీ, అయ్యకోనేరు గట్టున సాయంత్రం నడకకు వచ్చినవారికీ ఇచ్చాము. ప్లాట్ల రాశివారు ఎవరూ కోపగించుకోలేదు. ఆ రాశి పక్కవాడిదని ప్రతివారూ అనుకున్నారు. మాకు ఫిర్యాదు వచ్చింది ఒక్క విషయంలోనే. వారాల వారీగా రాహుకాలం వేసే చోట, మంగళవారం 3 నుంచి 4.30 వంటి అసలు వేళలను అలాగే ఉంచి, ఆ సమయంలో ఏ కూడలిలో వాహనాలు కదలవో రాశాము. కోట జంక్షన్ దగ్గర కిరాణా నడిపే ఆయన ఆ పేజీ చించి కౌంటరు పక్కన అంటించుకుని, శనివారం వేళ తప్పుగా ఉందని, ఆ రోజు రద్దీ ఉదయం కాదు సాయంత్రమని, వచ్చే ఏడాదికి దిద్దమని కబురు పంపాడు. శనివారం రాహుకాలం 9 నుంచి 10.30 వరకే కదా, దాన్ని సాయంత్రానికి ఎలా జరపాలో పెదనాన్నగారిని అడగాలి.