నిషి కసాయ్‌లో ఆగస్టు

టోక్యోలోని మా నిషి కసాయ్‌లో ఇవాళ కూడా 35 డిగ్రీలు. అయినా పొద్దున్నే 6:30కి పార్కులో రేడియో తైసో, అంటే రేడియోలో వచ్చే సంగీతానికి అందరూ కలిసి చేసే వ్యాయామం. వేసవి సెలవుల్లో మా చిన్నోడు ఒక్కరోజూ మానలేదు, మెడలో వేలాడే కార్డు మీద హాజరు స్టాంపు పడాలి కదా! చెట్ల నిండా కీచురాళ్ల హోరు.

ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోంచి చల్లటి ముగిచా. వేయించిన బార్లీ గింజల కషాయం, పాలు లేవు, చక్కెర లేదు. మొదట్లో నాకు నచ్చలేదు. ఇప్పుడు రాత్రే రెండు లీటర్లు కాచి పెట్టుకోకపోతే తోచదు. అత్తయ్య వీడియో కాల్‌లో "మజ్జిగ తాగండ్రా" అంటారు. అదీ తాగుతాం, అల్లం, కరివేపాకు వేసి.

సాయంత్రం బాల్కనీలో కట్టిన గాజు ఫూరిన్ గంట సన్నగా మోగింది. వీచింది వేడిగాలే. కానీ ఆ చప్పుడుకి ముగ్గురం పుచ్చకాయ ముక్కలు చేతిలో పట్టుకుని, మాట్లాడకుండా అలాగే కూర్చుండిపోయాం.