ఎంపీఎంలో స్ట్రెస్ నాయిస్ తగ్గించిన నా అనుభవం

కొండవాలు మట్టి జారి దూరం దాకా పారే తీరును కంప్యూటర్‌లో లెక్కగట్టడమే నా ఎంటెక్ ప్రాజెక్టు. మట్టి అంతగా రూపు మారితే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో మట్టిని ముక్కలుగా విడగొట్టే వల (మెష్) మెలికలు తిరిగి లెక్క ఆగిపోతుంది. అందుకే 1994లో సుల్స్‌కీ, చెన్, ష్రయర్ ప్రతిపాదించిన మెటీరియల్ పాయింట్ మెథడ్, అంటే ఎంపీఎం తీసుకున్నాను. ఇందులో మట్టిని పార్టికల్స్ అనే చిన్న బిందువులుగా చూస్తాం. ద్రవ్యరాశి, వేగం, స్ట్రెస్ (వైశాల్యానికి పడే లోపలి బలం) అన్నీ వాటిలోనే ఉంటాయి. గళ్లు (సెల్స్), వాటి మూలలు (నోడ్స్) ఉన్న గ్రిడ్ మీద చలన సమీకరణాలు సాధించి, ఫలితాన్ని పార్టికల్స్‌కి ఇచ్చేసి, గ్రిడ్‌ను మళ్లీ యథాస్థితికి తెస్తాం.

వాలు చక్కగానే జారింది. స్ట్రెస్ మ్యాప్ మాత్రం గందరగోళం. పక్కపక్కనే ఉన్న పార్టికల్స్‌లో ఒకదాంట్లో చాలా ఎక్కువ, ఇంకోదాంట్లో దాదాపు సున్నా. ఇదే స్ట్రెస్ నాయిస్. బొమ్మ గీసేటప్పుడు సగటు తీసి నునుపు చెయ్యమన్నారు కొందరు. నాకు నచ్చలేదు. మట్టి బలాన్ని లెక్కగట్టే మోర్-కూలుంబ్ మోడల్‌లో అది తెగుతుందా లేదా అన్నది ప్రతి స్టెప్‌లోనూ ఆ స్ట్రెస్‌ను బట్టే తేలుతుంది.

"వాలు పక్కన పెట్టు. కాగితం మీద జవాబు తెలిసిన లెక్క ముందు చెయ్యి" అన్నారు మా గైడ్ గారు. 10 మీటర్ల మట్టి స్తంభం, సాంద్రత ఘనపు మీటరుకు 2000 కిలోలు, పాయిజాన్ నిష్పత్తి సున్నా (అంటే నొక్కినా పక్కకు ఉబ్బదు), మెల్లగా పెంచే సొంత బరువు. అడుగున స్ట్రెస్ సుమారు 196 కిలోపాస్కల్స్ ఉండి, పైకి వెళ్లేకొద్దీ తగ్గి సున్నా కావాలి. గట్టిదనం కొలిచే మాడ్యులస్ 1 మెగాపాస్కలే పెట్టాను. అప్పుడు పైభాగం దాదాపు మీటరు దిగుతుంది, పార్టికల్స్ పావు మీటరు సెల్స్‌ను తప్పక దాటతాయి. సరళరేఖ రావాల్సిన చోట రంపం పళ్లు వచ్చాయి.

కారణం కాగితం మీదే దొరికింది. షేప్ ఫంక్షన్ అంటే పార్టికల్ ప్రభావం ఒక్కో నోడ్‌కి ఎంత చేరాలో చెప్పేది. అది లీనియర్ అయితే దాని గ్రేడియెంట్ (మారే రేటు) ఒక సెల్ అంతటా ఒకటే, నోడ్ దాటగానే దాని గుర్తు మారిపోతుంది. నోడ్‌కి అటూ ఇటూ రెండేసి పార్టికల్స్, అన్నిట్లో ఒకే స్ట్రెస్ ఉంటే బలాలు రద్దవుతాయి. ఒక్కటి గీత దాటితే ఒకవైపు ఒకటి, ఇంకోవైపు మూడు. స్ట్రెస్ మారకపోయినా నోడ్ మీద లేని బలం పుట్టుకొస్తుంది. సెల్స్ చిన్నవి చేస్తే దాటడాలు పెరిగి ఎర్రర్ ఇంకా ఎక్కువైంది. ఎంపీఎంకి కొత్తగా వచ్చేవాళ్లు ఈ ఒక్క లెక్క చేత్తో చేసి చూడాలని నా గట్టి అభిప్రాయం.

2004లో బార్డెన్‌హాగెన్, కోబర్ ఇచ్చిన గింప్ పద్ధతిలో పార్టికల్‌కి కొంత వెడల్పు ఉంటుంది కాబట్టి అది సెల్‌ను ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా దాటుతుంది. రేఖ చాలావరకు తిన్నగా అయింది. పార్టికల్ ఆకారాన్ని కూడా మార్చుకుంటూ పోయే సీపీడీఐ అనే పద్ధతి ఉంది కానీ, విపరీతమైన షియర్‌లో (పొరలు ఒకదానిమీద ఒకటి జారడంలో) ఆ ఆకారాలు మరీ సాగిపోతాయి. నా వాలుకి, గ్రేడియెంట్ ఒక్కసారిగా మారని నునుపైన షేప్ ఫంక్షన్, క్వాడ్రాటిక్ బీ-స్ప్లైన్ కుదిరింది. గ్రిడ్ అంచుల దగ్గర ఫంక్షన్లు వేరుగా రాసుకోవాలి, అదొక్కటే శ్రమ.

తర్వాత వేగాలను గ్రిడ్ నుంచి పార్టికల్స్‌కి తిరిగి ఇచ్చే సంగతి. గ్రిడ్ వేగాన్నే నేరుగా ఇచ్చే పిక్ పద్ధతి కదలికను తినేస్తుంది, వేగంలో మార్పును మాత్రమే ఇచ్చే ఫ్లిప్ నాయిస్‌ను దాచుకుంటుంది. రెంటినీ కలిపితే నష్టం ప్రతి స్టెప్‌కీ పడుతుంది కాబట్టి టైమ్ స్టెప్ తగ్గించినా జవాబు మారుతుంది. ఆ టెన్షన్ వద్దని, కోణీయ ద్రవ్యవేగాన్ని (తిరుగుడు కదలికను) కాపాడే ఏపిక్ పద్ధతికి మారాను.

ఇప్పుడు జారుడు పట్టీ, అంటే మట్టి తెగి జారే సన్నని పొర, స్పష్టంగా కనిపిస్తోంది. కానీ మట్టి బలం తగ్గే మోడల్ పెడితే పట్టీ మందం సెల్ సైజును బట్టి మారుతోంది. షేప్ ఫంక్షన్ మార్చితే పోయే ఎర్రర్ కాదిది. మెటీరియల్ మోడల్‌లోనే ఒక పొడవు కొలత ఉండాలి. ప్రస్తుతం, ఒక్కో బిందువు స్థితిని చుట్టుపక్కల సగటుతో లెక్కగట్టే నాన్‌లోకల్ మోడల్ రాస్తున్నాను.